హెయిర్‌పిన్ను మీద నడిచిన ఆఫీసు

మా జనన మరణాల రిజిస్ట్రారు ఆఫీసులో స్టోరు తాళాలు నా దగ్గరే ఉండేవి. ఆ స్టోరులో అట్టపెట్టె విప్పని కొత్త కీబోర్డులు ఆరున్నాయి. తాళాల గుత్తి చేతిలో ఉన్నవాడికి కాస్త పొగరుంటుంది. నాకు ఇంకాస్త ఎక్కువే ఉండేది.

టైపిస్టును అందరం అక్కయ్య అనేవాళ్లం, మా అందరికంటే చిన్నదైనా సరే. ఏడేళ్లుగా తాత్కాలిక ఉద్యోగం. ఆర్నెల్లకోసారి పొడిగింపు కాగితం వచ్చేదాకా పాపం ఆమెకు అన్నం సయించేది కాదు. ఆమె కీబోర్డులో స్పేస్ బార్ చచ్చి నాలుగేళ్లయింది. పొద్దున్నే పాత ఫైలు తెరిచి రెండు మాటల మధ్య జాగాను కాపీ చేసుకునేది. రోజంతా మాటమాటకీ కంట్రోల్, వి కలిపి నొక్కి దాన్నే అతికించేది. బ్యాక్‌స్పేస్ ఊడిపోయింది కనుక తప్పులు చేయడమే మానేసింది. ఎంటర్ కుంగిపోతే తన జడలోని హెయిర్‌పిన్ను వంచి దాని కింద దూర్చింది. ఇంత అవస్థలోనూ కాగితం మీంచి కళ్లు తిప్పకుండా టకటకా కొట్టుకుంటూ పోయేది.

కొత్తది ఇప్పించమని తొమ్మిది అర్జీలు పెట్టింది. తొమ్మిదీ నేనే తిప్పి పంపాను.

"నిబంధన చదువుకోమ్మా. పూర్తిగా పనికిరానిదైతేనే మార్చాలి. ఈ అర్జీ దేనిమీద కొట్టావు?"

"దానిమీదేనండీ."

"మరి పనికొస్తున్నట్టేగా!"

ఆమె చిన్నగా నవ్వి వెళ్లిపోయేది. నేను ఏదో ఘనకార్యం చేసినట్టు మీసం మెలేసుకునేవాణ్ణి.

చివరికి పర్మినెంటు టైపిస్టు పోస్టు ఒకటి మంజూరైంది. పోటీకి అక్కయ్య, బయటినుంచి టై కట్టుకుని దిగిన ఒక పెద్దమనిషి. ఆయనకు అక్కడికక్కడే టైబాబు అని పేరు పెట్టేశాం. అక్కయ్యదే ఉద్యోగమని మా అందరికీ నమ్మకం.

"పరీక్షకి లోపం లేని కీబోర్డులే ఉండాలయ్యా" అన్నారు ఆఫీసరుగారు. నాలుగేళ్లు కదలని తాళం ఆరోజు కదిలింది. రెండు పెట్టెలు విప్పాను. ఆఫీసరుగారు ముచ్చటపడి అక్కయ్య కూర్చోబోయే కంప్యూటరు మీదే స్వయంగా ఒక హెచ్చరిక టైపు చేశారు. దాన్ని కాపీ కొట్టి పదిసార్లు అతికించి, ప్రింటు తీసి బల్లలకు అంటించారు. ఆ కాపీ కంప్యూటరులోనే ఉండిపోతుందని ఆయనకేం తెలుసు?

అక్కయ్య పది నిమిషాలు గుక్క తిప్పుకోకుండా కొట్టింది. ఒక్కసారీ తెర వంక చూడలేదు. ఒక పేజీ రావలసినచోట పద్నాలుగు పేజీలు బయటికొచ్చాయి. ఆఫీసరుగారు మొదటి వాక్యం పైకి చదివారు: "ఫలానా కొత్త కీబోర్డు, జాగ్రత్తగా వాడవలెను తేదీన కొత్త కీబోర్డు, జాగ్రత్తగా వాడవలెను జన్మించిన కొత్త కీబోర్డు, జాగ్రత్తగా వాడవలెను..."

"ఏంటమ్మా ఇది?"

"చెయ్యి అలవాటైపోయిందండీ. ఇంకొక్కసారి కొట్టనివ్వండి" అంది.

"ఇలాంటి పాడు అలవాటు ఎవరు చేసుకోమన్నారు నిన్ను?"

అప్పుడు నేను నోరు విప్పాలి. మెదపలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

టైబాబు ఒక పేజీ, ఆరు తప్పులతో గట్టెక్కాడు. సోమవారం అక్కయ్య కుర్చీలో కూర్చున్నాడు. కొత్త కీబోర్డులు పరీక్ష సామాను కదా, రెంటినీ మళ్లీ పెట్టెల్లో సర్దేసి తాళం వేశాను. పాతది ఆయనకు చుక్కలు చూపించింది. మధ్యాహ్నమైనా ఒక్క ధ్రువపత్రం బయటికి రాలేదు. బయట వరసలో జనం కేకలు మొదలుపెట్టారు. అక్కయ్య గడువు నెలాఖరుదాకా ఉంది. ఆఫీసరుగారు ఆమెను పిలిపించారు.

"ఆ కిటుకులేవో ఈయనకి కాస్త నేర్పమ్మా. పుణ్యం ఉంటుంది."

అక్కయ్య బల్ల దగ్గరికొచ్చింది. "నా వస్తువొకటి ఇక్కడ ఉండిపోయిందండీ" అంటూ ఎంటర్ కిందనుంచి పిన్ను లాగింది. గోటితో సాపు చేసి, జడలో పెట్టుకుని, బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. ఎంటర్ కుంగింది. తెర మీద తెల్లటి పేజీలు ఒకదాని వెనక ఒకటి ఆగకుండా పరుగెత్తాయి.

ఆఫీసరుగారు నా వంక చూశారు. నేను కలం తీసి రిజిస్టరులో "పూర్తిగా పనికిరానిది" అని రాసి సంతకం పెట్టాను. పది నిమిషాల్లో టైబాబు ముందు కొత్త కీబోర్డు ఉంది. స్టోరులో ఇంకా అయిదున్నాయి.