ట్రెయిలర్ ముక్కు మీద మల్లయ్య

సామాను ట్రెయిలర్‌లో వేసి, జీపుకు తగిలించుకుని ఊరికి పోవాలనుకునేవాళ్లు ఈ మధ్య నన్ను సలహా అడుగుతున్నారు. సలహా కంటే ముందు నా ప్రయాణం ఒకటి చెప్పాలి. అరవైల చివర్లో ఆబిడ్స్‌లో మాకు డీజిల్ ఇంజన్ల దుకాణం ఉండేది. సదాశివపేట దగ్గర ఒక రైతుకు బావి మీది ఇంజను పాడైంది. వరి ఎండిపోతోందని, మర్నాడు మధ్యాహ్నానికల్లా కొత్తది పంపమని కబురు చేశాడు. లారీ దొరకలేదు. జీపు మాదే కాబట్టి నాంపల్లిలో ముప్పై రూపాయల కిరాయికి రెండు చక్రాల ట్రెయిలర్ తీసుకున్నాను. నలభై అయిదు మైళ్ల దారి, మూడు గంటలు చాలనుకున్నాను.

పొద్దున ఎనిమిదింటికి నాంపల్లి స్టేషన్ దగ్గరి హమాలీలు ఆరుగురు వచ్చి ఇంజను ఎక్కించారు. అక్కడ దింపడానికి వాళ్లలో మల్లయ్య ఒక్కడే మాతో వస్తాడు. పాలమూరు వైపు నుంచి వచ్చి, ఎనిమిదేళ్లుగా మా దుకాణం బరువులు మోస్తున్న మనిషి. దింపేటప్పుడు పలకల మీద జార్చేస్తే సులువని ఇంజన్ని వెనక తలుపు దగ్గరే పెట్టించాను. మా వ్యాపారంలో అందరూ అలాగే చేసేవాళ్లు. ఇరుసు వెనక బరువు పడితే జీపుకు తగిలించే ముందరి కమ్మీ, అంటే ముక్కు, పైకి లేస్తుందని ఆలోచించలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది.

ముక్కు లేచింది. డ్రైవర్ జహంగీర్ భాయ్ రెండు చేతులతో అదిమి పిన్ను వేశాడు. "సేఠ్, ఇది గిట్ల మంచిగ లేదు. ఇంజన్ జర ముందటికి జరపాలె," అన్నాడు. ఈ జీపు ఎంత బరువు లాగగలదో, ఖాళీ ట్రెయిలర్ బరువు కూడా అందులో కలుస్తుందో లేదో తెలుసా అని అడిగాడు. నాకు తెలియదు. అప్పటికే తొమ్మిదైంది, మిగతా హమాలీలు వెళ్లిపోయారు.

"మల్లయ్యా, నువ్వు ముక్కు మీద కూర్చో. సరిపోతుంది," అన్నాను.

మల్లయ్య నా వైపు ఒకసారి చూశాడు. "ఔ సేఠ్, గంతే గద," అని తలగుడ్డ మడిచి కింద వేసుకుని కూర్చున్నాడు.

లక్డీకాపూల్ వరకు బాగానే వచ్చాం. అది దాటాక వాలులో జీపు వేగం అందుకుంది. ట్రెయిలర్ వెనక భాగం అటూ ఇటూ ఊగసాగింది. జహంగీర్ బ్రేకు తొక్కగానే ఇంకా ఊగి, పిన్ను ఊడిపోయింది. ఆ ఊపుకు ఇంజను ముందుకు జారి, ముక్కు రోడ్డులోకి దిగబడింది. మల్లయ్య దాని కింద ఉన్నాడు.

అఫ్జల్‌గంజ్ దవాఖానకు టాక్సీలో తీసుకెళ్లాం. తలుపు దగ్గర స్ట్రెచర్ మీద అతను నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇంజన్ ఖరాబైందా సేఠ్? పాపం రైతుకు ఇయ్యాల్నే పంపుండ్రి."

సాయంత్రం నాలుగింటికి పోయాడు.

అతని భార్య ఎల్లమ్మ వరండాలో నిలబడి ఏడవకుండా అడిగింది. "గాడ కూసోమని ఎవరు చెప్పిన్రు సేఠ్?"

జహంగీర్ నేల చూపులు చూస్తున్నాడు. "ఆయనే కూర్చున్నాడమ్మా," అన్నాను నేను.

ఆమె ఇంకేమీ అడగలేదు. అదే నాకు ఎక్కువ బాధ. మర్నాడు అదే ఇంజను ఒక లారీలో సదాశివపేట చేరింది, వరి బతికింది, రైతు సంతోషపడ్డాడు. జహంగీర్ ఆ నెలాఖరుకు పని మానేశాడు, కారణం చెప్పలేదు. ఎల్లమ్మ తరువాత పాలమూరు వెళ్లిపోయిందని విన్నాను. ఇన్నేళ్లలో రెండుసార్లు ఆమె ఊరి బస్సెక్కి సగం దారిలో దిగిపోయాను. ఆమెకు చెప్పాల్సిన మాటను ఇవాళ మీకు చెప్తున్నాను. నేనే కూర్చోమన్నాను.

మీరు బయలుదేరే ముందు ఇవి చూడండి. బండి పుస్తకంలో రాసిన లాగుడు బరువులో ఖాళీ ట్రెయిలర్, సామాను రెండూ ఇమడాలి, బరువు ఇరుసుకు ముందువైపు కొంచెం ఎక్కువ ఉండాలి. అయినా ముక్కు లేస్తోందంటే, ఎంత ఆలస్యమైనా సరే, అంతా దింపి మళ్లీ ఎక్కించండి. దాని మీద మనిషిని కూర్చోబెట్టకండి.