రేణుక జెర్సీకి నేను వదిలిన మూడంగుళాలు

అది 2023, పొలాల్లో చెనిక్కాయ, అంటే వేరుశెనగ, కట్టె పీకే రోజులు. ఉరవకొండ బజారు వెనక సందులో నా కుట్టు అంగడి. ఒక తొక్కుడు మిషను, అంచులు పోగులు లేవకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషను ఒకటి, బయట రేకుల నీడలో ఒక బండ. నలభై ఏళ్లుగా అక్కడే కుడుతున్నాను. నేను చదివింది మూడో తరగతి. కొలతలు రాసుకోవడానికి ఆ చదువు సరిపోయింది.

పిల్లల బట్టలు కుట్టడంలో మాకొక పద్ధతి ఉంది. పిల్ల ఇప్పుడు ఎంతుందో అంతకే కత్తిరించం. వచ్చే యేటికి ఎంత ఎదుగుతుందో చూసుకొని కత్తిరిస్తాం. ఎక్కువైన బట్టను కింద లోపలికి మడుస్తాం. దాన్ని మార్జిన్ అంటాం. ఆ మడతకు పొడుగు పొడుగు కుట్లు వదులుగా వేస్తాం, రేపు దారం లాగితే సులభంగా ఊడి రావాలని. అది కచ్చా కుట్టు. వాన ఎప్పుడొస్తుందో తెలియని నేల మీద ఒక గౌను రెండేళ్లు రావాలంటే ఇంకో దారి లేదు. జనం నా అంగడి వెతుక్కుంటూ వచ్చేది కూడా ఈ మార్జిన్ కోసమే.

ఆ యేడు హైస్కూలు పీఈటీ సారు ఆడపిల్లలకు రగ్బీ జట్టు ఒకటి తయారు చేశాడు. ఆటలో దిగేది ఏడుగురు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకొని పరిగెత్తి, అవతలి గీత దాటి నేలకు ఆనిస్తే దాన్ని ట్రై అంటారు, ఐదు పాయింట్లు. ఆ తర్వాత బంతిని గోలు కర్రల మీదుగా తన్నితే ఇంకో రెండు. పరిగెత్తేవాళ్లను ఎదుటి జట్టువాళ్లు పట్టి పడేయొచ్చు. నాకు తెలిసింది ఇంతే. సారు జెర్సీల గుడ్డ తెచ్చి, కొలతల చీటీ ఒకటి నా చేతిలో పెట్టాడు.

"అవ్వా, లూజు ఉండగూడదు. ఒంటికి అతుక్కోని ఉండాల. నేను రాసిన కొలతే పెట్టు."

"సరేలేప్పా, నాకు చెప్తావా" అన్నాను.

చీటీని మిషను సొరుగులో వేశాను. కత్తెర మాత్రం నా లెక్క ప్రకారమే పెట్టాను. అందరికీ రెండంగుళాలు వదిలాను. రేణుక అని ఒక పిల్ల ఉంది, పద్నాలుగేళ్లది, జట్టులో అందరికన్నా సన్నం. ఆమె నాయన మారెప్ప గొర్రెలు కాస్తాడు. ఈ పిల్లకు ఏటేటా కొత్త జెర్సీ ఎవరు కుట్టిస్తారులే అనుకొని ఆమెకు మూడంగుళాలు వదిలాను. మేలు చేశాననే అనుకున్నాను.

జట్టు కర్ణాటకకు పోయింది. మూడు ఆటలు గెలిచి, చివరి ఆటలో పన్నెండుకు పది పాయింట్లతో ఓడి తిరిగొచ్చింది. ఆ మరునాటి పొద్దున నా అంగడి ముందు బండ మీద పంచాయితీ మొదలైంది. ఒకడు ఆటో నడిపే ఓబులేసు. ఇంకొకడు విత్తనాల అంగడి తిప్పేస్వామి. ఇద్దరూ జట్టు వెంట పోయి వచ్చినవాళ్లే. చివరి పరుగును గీత అవతల నిలబడి ఫోన్లో తీసింది ఓబులేసు.

"చూడప్పా, గీత ఇంగ రెండు బారలు ఉండాది. ముందర నరపురుగు లేదు. ఈ పాప ఆగిపోయింది, బంతి జారిడిసింది. ఆమీట ఎనక పిల్ల వచ్చి మీద పడింది" అన్నాడు ఓబులేసు.

"మూడు ఆటలు గెలిచేకి ఆ పాప కాళ్లే గదప్పా కారణం. అది మర్చిపోయినావా?" అన్నాడు తిప్పేస్వామి.

"గెలిపించింది కెప్టెన్ పాప."

"కెప్టెన్‌కు బంతి యాడనుంచి వచ్చింది? మీ తాత ఇచ్చినాడా?"

"మా తాతను ఎందుకు తెస్తావన్నా ఈడికి. ఆయప్పయినా ఆగకుండా పరిగెత్తేవాడు."

తిప్పేస్వామి నవ్వాడు గానీ ఓబులేసు నవ్వలేదు. వచ్చే టూరుకు సారు సోమవారం పేర్లు రాస్తాడట. బజారు వాళ్లందరూ కలిసి పోయి రేణుక పేరు తీసేయమని అడగాలని అనుకున్నారట. భయపడే పిల్ల జట్టులో ఎందుకు అన్నాడు ఓబులేసు.

అప్పుడే మారెప్ప వచ్చాడు. వెనకాల రేణుక, తల మీద చినిగిన జెర్సీల మూట. సారు బాగు చేయించమని పంపాడట. ఓబులేసు మాటలు మారెప్ప చెవిన పడనే పడ్డాయి. కట్టె నేలకు ఆనించి నిలబడ్డాడు.

"మీరు సారును అడిగే పని లేదులేప్పా. సోమవారం నుంచి నా బిడ్డ నా ఎంబడి గొర్లకు వస్తాది. నలుగురి నోట్లో పడేకి నేను పంపీలేదు" అన్నాడు.

రేణుక మూట దించి, "నేను ఆగలేదు నాయనా. ఎవరో ఎనక్కి లాగినట్లయింది" అంది.

"వీడియోలో యాడుండాది, చూపించు మళ్లా" అని ఓబులేసు ఫోను ఆమె ముందు పెట్టాడు. నేనూ కళ్లద్దాలు పెట్టుకొని చూశాను. ఎదురుగా తీసింది కాబట్టి రేణుకే కనబడుతోంది. వెనకున్న పిల్ల ఆమె వీపు చాటున ఉంది. రేణుక పరిగెత్తుతూ ఉన్నట్టుండి ఆగింది, తల వెనక్కి వాలింది, బంతి జారింది. ఆగిందనే అనిపిస్తుంది ఎవరికైనా.

వాళ్ల గొడవ వాళ్లకు వదిలేసి నేను మూట విప్పాను. చినిగిన బట్టను చూస్తే అది ఎలా చినిగిందో మాకు తెలుస్తుంది. ముల్లు గీస్తే ఒక రకం, నేల రాసుకుంటే ఒక రకం, బిగుతై పిగిలితే ఒక రకం. రేణుక జెర్సీ ముందు వైపు దుమ్ము తప్ప ఏమీ లేదు. వెనక తిప్పాను. కింది మడత నడుమ జానెడు మేర కచ్చా కుట్టు ఊడిపోయి, నేను లోపల దాచిన మూడంగుళాల బట్ట సంచి మూతిలా వేలాడుతోంది. ఆ బట్ట మీద పక్కపక్కన నాలుగు సాగిన గుంతలు. నాలుగు వేళ్లవి. వెనకొచ్చిన ఎదుటి జట్టు పిల్ల చేతికి రేణుక చిక్కలేదు, నా మార్జిన్ చిక్కింది.

మూడంగుళాలు కత్తిరించి కుట్టేసి పంపితే ఎవరికీ తెలియదు. నా అంగడికి పేరున్నదే ఆ మడతతో, దానివల్లే ఓడారని బజారంతా తెలిస్తే రేపు యూనిఫారాలకు ఎవరొస్తారు అని కూడా అనిపించింది. బయట మారెప్ప కూతురితో, "పోదాం పా" అంటున్నాడు.

మూటలో అన్నిటికన్నా పెద్ద జెర్సీ తీసుకొని బయటికి పోయాను. అది కెప్టెన్ పాపది, అదీ నా కుట్టే.

"ఓబులేసూ, ఇది తొడుక్కో."

"నేనా? తిక్క పట్టిందా అవ్వా?"

"తొడుక్కోప్పా. కొలత చూడాల."

ఓబులేసు ఎండుకట్టె లాంటి మనిషి. చొక్కా మీదనే తొడిగాడు. రేణుకను పిలిచి అతని వెనక నిలబెట్టాను. కింది మడత లోపలికి నాలుగు వేళ్లు దూర్చి పట్టుకోమన్నాను.

"ఇప్పుడు నీ ఆటో కాడికి పరిగెత్తు."

నవ్వుతూ ఒక అడుగు వేశాడు. రెండో అడుగు పడలేదు. కచ్చా కుట్టు టపటపా తెగింది, బట్ట సాగింది, తల వెనక్కి వాలింది, చేతిలో ఉన్న ఫోను జారి మట్టిలో పడింది. రేణుక నిలబడిన చోటు నుంచి కదల్లేదు.

"ఏమప్పా, ఆగిపోయినావు? భయమయిందా?" అన్నాడు తిప్పేస్వామి.

ఓబులేసు ఫోను తీసుకొని లుంగీకి తుడుచుకున్నాడు. అప్పుడు రేణుక జెర్సీ వెనక తిప్పి అందరికీ చూపించాను.

"ఆ పిల్ల ఆగలేదు. నేను ఆపినాను. సారు బిగుతుగా కుట్టమని రాసిచ్చినాడు. రెండేండ్లు రావల్లని నేను వదిలినాను. మాట అనాలంటే నన్ను అనండి."

మారెప్ప ఆ నాలుగు గుంతల మీద తన వేళ్లు పెట్టి చూశాడు. కూతురి వైపు తిరిగి, "మరి గట్టిగా చెప్పాల్సింది గదమ్మా" అన్నాడు.

"చెప్పినా గద నాయనా."

మారెప్ప కట్టె తీసుకొని గొర్రెల దగ్గరికి పోయాడు, ఒక్కడే. రేణుక నా దగ్గర ఉండిపోయి, రెండు రోజులు కూర్చొని కుట్లు విప్పిపెట్టింది. సొరుగులోని చీటీ తీసి ముందు పెట్టుకొని, జెర్సీలన్నీ ఆ కొలతకే కత్తిరించాను.

సోమవారం నేనే బడికి పోయి సారుకు చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. "ఆటలో బట్ట పట్టుకునేది తప్పు కాదవ్వా. అందుకే అంత బిగుతు అడిగినా" అన్నాడు. అంతే. పేర్ల కాగితంలో రేణుక పేరు రెండోది.

ఆ టూరులోనూ వాళ్లు ఓడిపోయారు, ఈసారి ఎక్కువ తేడాతోనే. బండ మీద మళ్లీ గొడవ. బంతి ఆలస్యంగా ఇచ్చిందని కెప్టెన్ పాపను తిప్పేస్వామి తప్పుబడితే, ఓబులేసు ఆమె వైపు వాదించాడు. ఆ టూరు నుంచి మూటలో వచ్చిన జెర్సీలకు ముందు వైపు మోచేతుల దగ్గర చినుగులున్నాయి, భుజాల కుట్లు పిగిలాయి. వెనక కింది అంచు ఒక్కదానికీ తెగలేదు. అందరికన్నా ముందు నేను చూసుకున్నది అదే.

యూనిఫారాలకు మార్జిన్ వదలడం మానలేదు, మానను కూడా. అయితే టేపు తీసే ముందు ఇప్పుడు ఒక మాట అడుగుతాను: ఈ బట్ట వేసుకొని నువ్వు ఏం చేస్తావు అని. నలభై ఏళ్లలో ఆ మాట ఎవరినీ అడగలేదు. ఎన్నాళ్లు రావాలి అనేదే అడిగాను. ఆ జెర్సీల నుంచి కత్తిరించిన ముక్కలు పారేయలేదు, మిషను తుడిచేది వాటితోనే.

ఏడాది తిరక్కముందే రేణుక వచ్చి జెర్సీ నా ముందు పెట్టింది.

"పొట్టయిపోయింది అవ్వా. విప్పేకి లోపల ఏమన్నా ఉండాదా?"

"ఏమీ లేదు. కొత్తది కుట్టాల్సిందే" అన్నాను. బట్ట పొట్టయిందని నేను బాధపడనిది అదొక్కసారే.