మునిరత్నమ్మ ఎంటర్ కీ

2023. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా కంపెనీ అంటే మూడో అంతస్తులో ఎనిమిది కుర్చీలు. బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో ఇరుసులు చేసే ఒక ఫ్యాక్టరీ నుంచి మాకు పని వచ్చింది. అక్కడ తనిఖీ కొలతలు ఎక్కించే ప్రోగ్రామ్ విజువల్ బేసిక్ అనే పాతకాలపు కంప్యూటర్ భాషలో రాసింది. రాసినాయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. నడిచేది ఒకే ఒక్క పాత కంప్యూటర్లో. అది కాస్తా మూలనపడితే తనిఖీ ఆగిపోతుంది.

పాతదానికే మాట్లు వేద్దామని మావాళ్లు అంటే నేను ఒప్పుకోలేదు. రియాక్ట్‌తో కొత్తగా కడదామన్నాను. స్క్రీన్లు కట్టుకోవడానికి సిద్ధంగా దొరికే ఇలాంటి చట్రాన్నే మేం ఫ్రేమ్‌వర్క్ అంటాం. ఏ బ్రౌజర్లోనైనా నడుస్తుంది, రేపు నేను లేకపోయినా ఇంకొకరు అందుకోగలరు. డెమోలన్నీ మేనేజర్ సురేశ్ గారి ఏసీ గదిలోనే జరిగాయి. ఆయనకు రంగులు తెగ నచ్చాయి. నాకైతే చెప్పనే అక్కర్లేదు.

వాడకం మొదలైన మూడో రోజు ఆయన ఫోన్ చేశారు. "మునిరత్నమ్మ బాగా స్లో అయిపోయిందండీ. రోజూ చూసేదాంట్లో సగం కూడా అవట్లేదు. సోమవారం నుంచి ప్యాకింగ్‌కి మార్చేస్తున్నా."

మునిరత్నమ్మ ఆ తనిఖీ బల్ల దగ్గర ఇరవై రెండేళ్లుగా ఉన్న మనిషి. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఎడమచేత్తో ఇరుసును కొలిచే గేజ్ కింద తిప్పుతుంది, కుడిచేత్తో అంకె కొడుతుంది, ఆ తర్వాత తర్వాతి గడి మీద నొక్కడానికి తలెత్తి మౌస్ వెతుక్కుంటుంది. పాతదాంట్లో ఎలా చేసేవారని అడిగాను.

"అంకె కొట్టేది, ఎంటర్ కొట్టేది. దానంతట అదే ముందుకు పోతాండె. కొలత తప్పితే కీక్‌మంటాండె. నా కన్ను గేజ్ మీద ఉండాది కదప్పా, నీ స్క్రీన్ చూసేకి ఇంకో కన్ను యాడ తెచ్చేది?"

"మరి ముందే చెప్పలేదేమమ్మా?"

"ఎవురడిగినారు? నాకే చేతగాలేదేమో అనుకుంటి."

నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు నాది, మాట పడుతున్నది ఆమె. నేరుగా సురేశ్ గారి దగ్గరికి వెళ్లి, సోమవారం ఆమె పని చూశాకే ఏదైనా తేల్చమన్నాను. ఆ బల్ల పక్కనే రెండు రోజులు కూర్చుని ఎంటర్ కొడితే తర్వాతి గడికి పోయేలా, కొలత తప్పితే శబ్దం వచ్చేలా మార్చాను. సోమవారం టీ వేళకే ఆమె పాత లెక్క దాటేసింది. ప్యాకింగ్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కొత్తదాన్ని ఎంచుకోవడం మాత్రం సరైన పనే, ఇప్పటికీ అదే అంటాను. అయితే ఇప్పుడు ఏ పని ఒప్పుకున్నా మొదటి రోజు ల్యాప్‌టాప్ తెరవను. ఆ పని చేసే మనిషి పక్కన ఒక షిఫ్టంతా ఊరికే కూర్చుంటాను.

ఈ మధ్య అటు వెళ్లాను. ఆమె కొట్టే కొలతలు ఇప్పుడు జిగణిలోని వాళ్ల రెండో ప్లాంట్‌లోనూ అప్పటికప్పుడు కనిపిస్తాయి, పక్కన ఆమె పేరుతో సహా. నేనుండగానే సరుకు పంపొచ్చా అని అక్కడి నుంచి ఆమెకు ఫోన్ వచ్చింది. "ఆ లాట్ పంపొద్దప్పా, ఇంగోసారి చూడాల" అని పెట్టేసి, నావైపు తిరిగి నవ్వింది.

"ఇన్నేండ్లకు నన్నడిగి లారీ కదిలిస్తాండారు."