పెద్దమ్మ చేయించిన రెండు భాషల పెళ్లి

పోయిన మంగళవారం పొద్దున మా పెద్దమ్మ చనిపోయింది. ఆ సంగతి ఫోన్‌లో నాకు చెప్పింది మా అత్త, మా ఆయన తల్లి. "మీ పెద్దమ్మ పోయింది అమ్మాయీ. నిద్రలోనే పోయింది" అని తెలుగులో చెప్పింది. మా అత్తది తిరుత్తణి. నా పెళ్లికి ముందు ఆమెకు తెలుగులో ఒక్క వాక్యం వచ్చేది కాదు. నేర్పింది పెద్దమ్మే. చివరి నెల నగరిలో ఆమె మంచం పక్కన ఉండి చూసుకున్నది కూడా మా అత్తే.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. నగరిలో చాలా ఏళ్లు చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పింది. పిల్లల్లో సగం మందిది ఇంట్లో తెలుగు, సగం మందిది అరవం. ప్రతి మాటా రెండుసార్లు చెప్పీ చెప్పీ అదే అలవాటైపోయి, ఇంటికెవరైనా వస్తే "కూర్చో, ఉక్కారు" అని ఒకే మనిషికి రెండూ అనేది. "అర్థం కానప్పుడు తల ఊపొద్దు" అని మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. సెలవుల్లో ఆమె దగ్గర పెరిగినందుకే నాకు రెండు భాషలూ వచ్చాయి. తిరుపతిలో నర్సుగా చేరాక, అదే ఆసుపత్రి ల్యాబులో పనిచేసే అబ్బాయితో అరవంలో మాట్లాడగలిగానంటే ఆమె వల్లే. ఆ అబ్బాయే ఇప్పుడు నా భర్త.

పెళ్లి మాటలు ఐరాలలో మా ఇంట్లో జరిగాయి. ముహూర్తం సంగతి వచ్చినప్పుడు మా అత్త నవ్వుతూ, "కల్యాణత్తుక్కు అవసరం ఇల్లె" అంది. నాయన దిగ్గున లేచాడు.

"పెండ్లి అవసరం ల్యాదా? అట్లయితే ఈడికెందుకొచ్చినారు?"

"కూర్చోప్పా" అంది పెద్దమ్మ. "అరవంలో అవసరమంటే తొందర. తొందర ల్యాదు, నిదానంగా చేస్తామంటాంది ఆయమ్మ."

ఆ వెంటనే అటు తిరిగి మా అత్తకూ విడమరిచి చెప్పింది. నాయన కూర్చున్నాడు గానీ మా అత్త ముఖంలో నవ్వు తిరిగి రాలేదు. "రేపు పీటల కాడ ఇట్లాంటి మాట ఇంకోటి పడితే ఎట్లా వదినా?" అన్నాడు నాయన. పెళ్లి రోజు పీటల మీదుండే మేమిద్దరం పెద్దల మధ్య కలగజేసుకోలేం.

"పక్కన నేనుంటా. ప్రతిదీ రెండు భాషల్లో నేనే చెప్తా" అంది పెద్దమ్మ. చివరి మాట దగ్గర ఆమె గొంతు బొంగురుపోయింది. ఎవరో నీళ్లు తెచ్చిచ్చారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం నగరిలో కూర్చుని పెళ్లి తంతు రాసుకున్నాం. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు మావి. వధూవరుల్ని ఊయలలో ఊపే ఊంజల్ వాళ్లది. ఏది ముందు, ఏది వెనక, ఎక్కడ ఎవరు ఏం పలకాలి, అన్నీ పెద్దమ్మే తేల్చింది. కానీ వారం వారం ఆమె గొంతు సన్నబడుతూ వచ్చింది.

"గొంతేంది అక్కా అట్లుండాది?" అంది అమ్మ ఒకరోజు.

"ఇన్నేండ్లు పిల్లోళ్ల మీద అరిసినాను గదా, అరిగిపోయినాది."

ఆ మధ్యాహ్నం నేను ఆమెకు తల దువ్వుతున్నాను. జుట్టు పక్కకు తీస్తుంటే మెడ దగ్గర వేళ్లకు గడ్డ తగిలింది. గట్టిగా ఉంది, నొక్కితే కదల్లేదు. నా చెయ్యి ఆగిపోయింది. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"పెండ్లయినాక అడుగు."

"ఇది ఆగేది కాదు పెద్దమ్మా."

"నేను పోయి ఆసుపత్రిలో పండుకుంటే ఈళ్ల మధ్య ఎవురుంటారు? మీ నాయన సంగతి నీకు తెల్దా? ఎవురికీ చెప్పబాకు పాపా."

పెళ్లికి ఇంకా నలభై రోజులుంది. నేను నర్సును, అది క్యాన్సర్ కావచ్చని తెలుసు. అయినా చెప్పలేదు. ఆమె వద్దన్నదని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. పెళ్లి ఆగిపోతుందన్న భయం నాకూ ఉండిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ముందే వచ్చుంటే బతికేదా అని తర్వాత డాక్టరును అడిగితే, చెప్పలేమమ్మా అన్నాడు.

మరుసటి ఆదివారం నుంచి పెద్దమ్మ 'నేను చెప్తా' అనడం మానేసింది. నాయన చెప్పాల్సినవి తెలుగు అక్షరాల్లో అరవం మాటలుగా రాసింది. మా అత్తకు అరవ అక్షరాల్లో తెలుగు మాటలు రాసింది. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చదివించింది.

"ఈ వయసులో నాకు అరవమా వదినా?"

"మళ్లీ సదువు."

నాయన తడబడితే మా అత్త నవ్వేది, ఆమె తడబడితే నాయన నవ్వేవాడు. ఇద్దరికీ అదొక సరదా అయిపోయింది. వాళ్లు నవ్వినప్పుడల్లా నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని. పెద్దమ్మ ఎందుకంత తొందరపడుతోందో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

పెళ్లి రోజుకు పెద్దమ్మకు మాట పూర్తిగా పోయింది. జలుబని అందరికీ సైగ చేసింది. చిత్తూరు కల్యాణ మండపంలో, కన్యాదానం అయ్యాక నాయన కాగితం పట్టుకుని, "ఎన్ పొణ్ణు ఇని ఉంగ పొణ్ణు" అన్నాడు. నా బిడ్డ ఇక మీ బిడ్డ అని. మా అత్త కాగితం చూడకుండానే తెలుగులో, "మీ బిడ్డ ఏడిస్తే ముందు నాకు తెలుస్తుంది, తర్వాతే మీకు" అంది. నాయన కండువాతో ముఖం కప్పుకున్నాడు. మొదటి వరుసలో కూర్చున్న పెద్దమ్మ పెదవులు ఇద్దరి మాటలకూ కదులుతూనే ఉన్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆమె మెడకేసి చూస్తూ ఉండిపోయాను.

మూడో రోజు పొద్దున ఆమెను నగరి నుంచి తిరుపతి బస్సెక్కించి పక్కన కూర్చున్నాను. ఇంట్లో అప్పటికి చెప్పేశాను. అమ్మ ఏడుస్తూ వెనక సీట్లో కూర్చుంది. రేణిగుంట దాటాక కండక్టరు మా దగ్గరికి వచ్చి, "తిరుపతిలో యాడ దిగాలమ్మా?" అని పెద్దమ్మను అడిగాడు. ఎవరేం అడిగినా అందరికంటే ముందు జవాబు చెప్పే మనిషి. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆసుపత్రి పేరు నేను చెప్పబోయేలోపే కండక్టరు వంగి, "యాడమ్మా?" అని మళ్లీ అడిగాడు. పెద్దమ్మ మెల్లగా కుడిచెయ్యి ఎత్తి, డ్రైవరు ముందున్న అద్దంలోంచి దగ్గరవుతున్న కొండల వైపు, వాటి కిందున్న మా ఆసుపత్రి వైపు చూపించింది.