అన్న ఏ పేజీలో ఉన్నాడు

ఈ రోజు పొద్దున ఆఫీసులో నా టేబుల్ మీది పుస్తకం తెరిస్తే, గుర్తు కోసం పెట్టుకున్న అట్టముక్క నేను పెట్టిన చోట లేదు. కొన్ని పేజీలు ముందుకు జరిగి ఉంది. కొలతలు చూసి బతికేవాణ్ణి, ఇలాంటి వాటిలో పొరపడను. ఆ పేజీ అంచున సోల్డరింగ్ పేస్టు అంటిన వేలిముద్ర కూడా ఉంది. నేను లేనప్పుడు ఎవరో నా పుస్తకం చదువుతున్నారు. ఇంతమాత్రానికే భయమేసిందంటే మీకు నవ్వు రావచ్చు. కానీ పదేళ్ళ కిందట, ఇదే నారాయణఖేడ్‌లో, ఇదే పుస్తకం ఇంకో ప్రతిలో ఇలా జరిగే గుర్తును చూస్తూ నేను కొన్ని నెలలు బతికాను.

అది కంప్యూటర్ల లోకంలో పెద్ద పేరు తెచ్చుకున్న ఒక విదేశీ వ్యాపారి జీవితచరిత్ర, తెలుగు అనువాదం. మనిషి మహా తెలివైనవాడు, ఆయనతో వేగడం మాత్రం ఎవరి తరమూ కాదు. ఆ పుస్తకం మా ఊరికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు మోటారు డబ్బాల సంగతి చెప్పాలి. బోరుబావి ఉన్న నా ఈడు వాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. త్రీ ఫేజ్ కరెంటు ఏ వేళకు వస్తుందో తెలియక, టార్చిలైటు పట్టుకుని చేను దాకా నడిచి, పాములకు భయపడుతూ మోటారు వేసి వచ్చేవాళ్ళం. ఇంట్లో ఉండి ఒక మిస్డ్ కాల్ ఇస్తే మోటారు నడిచే డబ్బా మా ప్రాంతంలో మొదట తయారుచేసింది మా యజమానే. ఇంట్లో కన్నడం, బజారులో తెలుగు మాట్లాడే వ్యాపారుల కుటుంబం ఆయనది. తండ్రి కందుల వ్యాపారం వద్దనుకుని, బస్ డిపో వెనక వీధిలో తన ఇంటి ముందు గదినే వర్క్‌షాపు చేశాడు. మేము ఆయన్ని అన్న అనే పిలిచేవాళ్ళం.

పనివాళ్ళం ముగ్గురం. పాలిటెక్నిక్ నుంచి అప్పుడే బయటికి వచ్చి, ప్రతిదానికీ ఒకటి, రెండు, మూడు అని వరుస పెట్టుకునే అలవాటున్న నేను. పాత మోటార్లకు రాగితీగ వైండింగ్ చేసే చాచా. సిర్గాపూర్ వైపు పల్లె నుంచి రోజూ ఆటోలో వచ్చి, తీగలను సీసంతో అతికే సోల్డరింగ్ పని చేసే అక్క. అక్క భర్త హైదరాబాద్‌లో అడ్డా కూలి. ఆమె కూతురు నారాయణఖేడ్‌లో ఏడో తరగతి చదువుతోంది. ఈ పని పోతే పిల్ల బడి మాన్పించి తనూ భర్త దగ్గరికి, ఏదో కట్టడం పక్క రేకుల గుడిసెలోకి పోవలసిందేనని అక్క మాటల మధ్యలో చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ అది పిల్లకు వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించేది.

అన్న ఏదో పనిమీద హైదరాబాద్ పోయి ఆ పుస్తకం కొనుక్కొచ్చాడు. వారం తిరక్కుండానే మా గదిలో కుర్చీలు మాయమయ్యాయి. నిలబడితేనే బుర్ర పని చేస్తుందట, పుస్తకంలో ఆయన అలాగే చేశాడట. మోకాళ్ళ నొప్పుల చాచా గోడకు ఆనుకుని, "గాయన మోకాళ్ళు ఇనుముతోటి చేసిండ్రేమో బేటా, నావి బొక్కలే," అని నాకు మాత్రం వినబడేలా అన్నాడు. తర్వాత డబ్బా నచ్చకపోతే అన్న దాన్ని నేలకేసి కొట్టడం మొదలుపెట్టాడు. అంతకు ముందు ఆయన మెత్తని మనిషి, టీ తెచ్చిన పిల్లవాణ్ణి కూడా కసిరిన రోజు లేదు. మాకు ఆ మనిషి అర్థమయ్యేవాడు. ఈ మనిషి అర్థం కావాలంటే పుస్తకం చదవడం ఒక్కటే దారి అనిపించింది.

పుస్తకం ఎప్పుడూ ఆయన టేబుల్ మీదే ఉండేది. మధ్యాహ్నం ఆయన భోజనానికి మేడమీదికి పోగానే చాచా గుమ్మం దగ్గర కాపలా ఉండేవాడు, నేను మెల్లగా పైకి చదివేవాణ్ణి, అక్క చేతిలో పని ఆపకుండా వినేది. పేజీల మధ్య మోటారు వైండింగులో వాడే గోధుమరంగు కాగితం ముక్క ఒకటి గుర్తుగా ఉండేది. అది రోజుకు మూడు నాలుగు పేజీల కంటే జరిగేది కాదు. అన్న ఒక్కో మాటా ఒంటబట్టించుకుంటున్నాడని మేము ఇంకా భయపడ్డాం. గుర్తు ఉన్న చోటు నుంచి ఓ పది పేజీలు ముందుకు చదివితే, రాబోయే రోజుల్లో మాకు ఏం జరగబోతోందో తెలుస్తుందని మా లెక్క. పొద్దున ఆటో దిగగానే అక్క మొదటి మాట అదే అయ్యేది.

"ఏ పేజీల ఉన్నడు తమ్మీ?"

అందరం ఒకే పుస్తకం విన్నాం కానీ ఒక్కొక్కరికి ఒక్కొక్కటి వినబడింది. చాచాకు ఆ పెద్దమనిషి మీద జాలి. "ఇంట్ల తిండి సక్కగ పెడ్తలేరు, గందుకే గింత గుస్సా," అని తేల్చేశాడు. అక్క ఆదివారం చర్చిలో ఆయన పేరు చెప్పి ప్రార్థన చేయించింది. ఆ పేరు నోరు తిరగక పాస్టరు రెండుసార్లు అడిగాడట. ఎవరమ్మా మీ చుట్టమా అంటే, "మా అన్నకు చుట్టమైండు అయ్యగారూ," అని చెప్పిందట. నా సంగతి వేరు. చదువుతున్నంతసేపూ నాకు గుండెల్లో భయం ఉండేది, దాని అడుగున ఎక్కడో కొంచెం మెచ్చుకోలు కూడా ఉండేది. గట్టిగా అరవగలిగినవాడే పెద్దవాడవుతాడేమో అని ఆ వయసులో అనిపించేది.

వానాకాలం ముగిసే వేళకు డబ్బాలు తిరిగి రావడం మొదలైంది. ఫోన్ చేసినా మోటారు ఆగడం లేదు, బోరంచ ఊళ్ళో ఒక రైతు మోటారు నీళ్ళు లేకుండా నడిచి కాలిపోయింది. ఆ రోజు అన్న కాలిన డబ్బాను అక్క ముందు పడేసి, "నీది చెయ్యా, కట్టెనా? గా రైతుకు నువ్వు చెప్తవా జవాబు?" అని అరిచాడు. అక్క వేడి సోల్డరింగ్ ఐరన్‌ను స్టాండులో పెట్టి, చేతులు రెండూ కొంగుకు తుడుచుకుంది.

రెండు రోజుల తర్వాత అన్న ఆమెతో మాట్లాడటం మానేశాడు. తిట్టడం లేదు, పలకరించడం లేదు, ఆమె టేబుల్ వైపు చూడటం కూడా లేదు. చెప్పవలసిన పని నాతో చెప్పేవాడు. ఆ మధ్యాహ్నం పుస్తకం తెరిచాను. గుర్తు దాటిన కొన్ని పేజీలకే ఒక అధ్యాయం ఉంది. అందులో ఆ వ్యాపారి తనతో మొదటి నుంచీ ఉన్న ఒక ఇంజనీరుతో మాట్లాడటం మానేస్తాడు. వారమంతా అతను గదిలో లేనట్టే తిరుగుతాడు. వారం చివర ఇంటికి పంపించేస్తాడు. చదవకుండా దాటేద్దామనుకున్నాను, కానీ అక్క చేతిలో పని ఆపేసి నావైపే చూస్తోంది. చదివాను.

ఆ తర్వాత కాగితం ముక్క రోజూ ఆ అధ్యాయం వైపు జరుగుతూనే ఉంది. అక్క అన్నం డబ్బా తెరిచి, అలాగే మూసేసేది. చాచా జోకులు మానేశాడు. ఆ ముక్కను తీసి వెనక్కి పెడితే అన్న అక్కడికి రావడం ఆలస్యమవుతుందేమో అని కూడా చాచా ఒకసారి అన్నాడు. మేము దాని గురించి నిజంగానే ఆలోచించాం. చదువుకున్నవాణ్ణి, నేను కూడా.

శనివారం నాటికి గుర్తు ఆ అధ్యాయం మొదటి పేజీకి చేరింది. అక్క సోల్డరింగ్ ఐరన్ స్విచ్ ఆపి, తన సంచీ భుజానికి వేసుకుని, తిన్నగా అన్న టేబుల్ ముందు నిలబడింది.

"నన్ను తీసేస్తవా అన్నా? తీసేసేది ఉంటె మొఖం మీద చెప్పు. మాట బంద్ జెయ్యకు. పుస్తకంల గాయన జేసినట్టు చెయ్యకు."

అన్న తెల్లబోయాడు. "ఏం పుస్తకం? గా పుస్తకమా? నేనెప్పుడో ఇడిచిపెట్టిన. యాభై పేజీలు గూడ సదవలే."

మా ముగ్గురి చూపులూ ఒకేసారి ఆ కాగితం ముక్క మీదికి పోయాయి. అప్పుడు లోపలి గుమ్మం దగ్గర నుంచి అన్న భార్య, మా వదిన, గొంతు వినబడింది.

"గా కాయితం నాదే."

వదినది బీదర్ వైపు. కన్నడ బడిలో చదువుకుంది. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని, సాయంత్రం మేము వెళ్ళిపోయాక గది ఊడ్చే వేళ రోజుకు మూడు నాలుగు పేజీలు చదివేదట. ఎందుకని ఎవరం అడగలేదు, ఆమే చెప్పింది. "ఈయన కుర్చీలు తీసేసిన కాడికెల్లి నాకు భయమైతున్నది. గాయన పెండ్లాం ఏమైందో సూద్దామని సదువుతున్న."

తర్వాత అన్న డ్రాయర్ నుంచి తన డ్రాయింగు తీసి, అక్క వైపు కాక ఆ కాగితం వైపే చూస్తూ చెప్పాడు. తప్పు సోల్డరింగులో లేదు. ఆయన డ్రాయింగులో రాసిన రిలే, అంటే మోటారుకు కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చి, మరీ చిన్నది, వేడెక్కితే అతుక్కుపోతుంది, ఇక మోటారు ఆగదు. ఆమెను తిట్టిన రెండో రోజే ఆ సంగతి కనిపెట్టాడు. "నీ మొఖం ఎట్ల సూడాల్నో సమజ్ కాలే," అన్నాడు. అంతే. మేము అంతగా భయపడిన ఆ మౌనం సిగ్గు. ఆ లావుపాటి పుస్తకంలో అలాంటి మౌనం నేను చదివినంత మేర ఒక్కచోట కూడా లేదు. అందుకే దాన్ని మేము గుర్తుపట్టలేదు.

సాయంత్రానికి అన్నే పైనుంచి కుర్చీలు మోసుకొచ్చాడు. చాచా కూర్చుంటూ, "మరి గాయన పెండ్లాం ఏమైంది బిడ్డా?" అని వదినను అడిగాడు. "ఇంక ఆడిదాంక రాలే," అంది. నాకు తెలుసు, ముందే చదివేశాను. చెప్పలేదు. ఆ రోజు తర్వాత గోధుమరంగు కాగితం అక్కడి నుంచి కదలలేదు.

ఇప్పుడు మా వర్క్‌షాపు ఊరి బయట పెద్ద షెడ్డులో ఉంది. చాచా పోయాడు. అన్న ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉంటాడు. ఇక్కడి పని చూసేది నేను. పదేళ్ళకు ఆ పుస్తకం మళ్ళీ కొన్నాను, ఈసారి భయం లేకుండా చదువుదామని. నెల కిందట సోల్డరింగ్ చేసే యంత్రం వచ్చింది. చేత్తో పేస్టు పూసి సోల్డరింగ్ చేసేది ఇప్పుడు షెడ్డు మొత్తంలో అక్క ఒక్కతే. ఆ యంత్రం పూర్తిగా పనిలోకి దిగాక ఆమె పని ఏమవుతుందో నాకింకా తెలియదు. తెలియదు గనుక ఆమె టేబుల్ వైపు పోవడం మానేశాను. పలకరించి ఎన్నాళ్ళయిందో నిజంగా గుర్తులేదు.

ఆ వేలిముద్ర ఎవరిదో నాకు వెంటనే తెలిసింది. నా గది గాజు తలుపులోంచి చూస్తే అక్క తల వంచుకుని పని చేసుకుంటోంది, పక్కన అన్నం డబ్బా మూసే ఉంది. ఆ రోజుల్లో ఆటో దిగగానే, అన్న ఏ పేజీలో ఉన్నాడని నన్ను అడిగేది. ఇప్పుడు నేను ఏ పేజీలో ఉన్నానో తెలుసుకోవాలంటే, పాపం, ఆమెకు అడగడానికి ఎవరూ లేరు.