మీరు ముందు, దొరగారూ

ఇంగ్లండ్‌లో, వాట్‌ఫర్డ్‌లో మా వీధిలోని తెలుగు అంకుల్ ఒకాయన ఏ తలుపు దగ్గరైనా పక్కకు జరిగి, "మీరు ముందు, దొరగారూ" అనేవారు. మా జమీందారీ ఏనాడో పోయినా ఆ పిలుపు నాకు నచ్చేది.

నన్ను ఉద్యోగానికి చేర్చే మొదటి రైలు రైల్వేవాళ్ళు తీసేస్తామన్నప్పుడు అర్జీ ఆయనే రాశారు. "మీ ముత్తాతగారు ఆనాటి ఇంగ్లీషు దొరతనానికి అర్జీ పెట్టి మీ ఊళ్ళో రైలు ఆగేలా చేశారటగా. మీరు ముందు నడవండి, మేం వెనకుంటాం" అన్నారు.

రైల్వేవాళ్ళ సమావేశంలో నేను లేచి ఆ రైలు ఉంచమని అడిగాను. "ఇబ్బంది మీ ఒక్కరికేనా?" అన్నాడు రైల్వే అధికారి. వెనక్కి తిరిగాను. అంకుల్ మఫ్లర్ సర్దుకుంటూ, "మాకు బస్సు చాలు సార్" అన్నారు. తరువాత రైల్వేవాళ్ళ ప్రయాణికుల కమిటీలో ఆయనకు కుర్చీ దొరికింది.

రైలు పోయింది, నా ఉద్యోగమూ పోయింది. నిన్న మా డాక్టరు క్లినిక్ దగ్గర అంకుల్ తలుపు తీసి పట్టుకొని, "మీరు ముందు, దొరగారూ" అన్నారు. ముందే వెళ్ళాను. వెనక్కి మాత్రం తిరగలేదు.