నేను నమిలేసిన వీళ్యం

ఆ కాలంలో బెంగుళూరు పేటల్లో మగపిల్లవాడు ఒళ్ళు చేయకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోయేవారు కాదు, కుస్తీ నేర్పే గరిడీకి తోలేవారు. డాక్టరు మందు తాగిస్తాడు, గరిడీలో వస్తాదు మట్టి తవ్విస్తాడు. రెండింటి తర్వాతా ఆకలి ఒకేలా వేస్తుంది గనుక ఇంట్లోవాళ్ళకి పెద్ద తేడా కనపడేది కాదు. నన్ను మాత్రం ఎవరూ తోలలేదు, నా అంతట నేనే పోయాను. నలభైల్లో, యుద్ధం ఇంకా నడుస్తూండగా, బళేపేటలో మా మేనమామ గాజుల అంగడిలో నేను పని చేసేవాణ్ణి. పని అంటే గాజులు అమ్మడం అనుకునేరు. అమ్మేది మామ, నేను కొలతకి. నా మణికట్టు ఎంత సన్నమంటే, కొత్త సరుకు రాగానే మామ నా చేతికే గాజులు ఎక్కించి ఆడవాళ్ళ ముందు అటూ ఇటూ తిప్పి చూపేవాడు. (వాళ్ళు గాజుల్ని మెచ్చుకునేవారు, చేతి గురించి ఏమీ అనేవారు కాదు. అది మర్యాద.) ఒకరోజు ఒక పెద్దావిడ ఆ మర్యాద మరిచి, "ఈ అబ్బోడికి ఎక్కిన సైజే ఇచ్చేయప్పా, మా చిన్నమ్మి చెయ్యి కూడా ఇంతే ఉండాది" అంది. ఆ చిన్నమ్మి పక్కనే నిలబడి ఉంది. ఎనిమిదేళ్ళుంటాయి. మర్నాడు తెల్లవారేసరికి నేను గరిడీ గుమ్మం ముందున్నాను.

ఆ గుమ్మం నడుమెత్తు కూడా ఉండదు, వంగి దూరాలి. మనిషి గర్వం బయట వదిలి లోపలికి రావాలనే పెద్దలు అలా కట్టారని పేటలో అందరూ గొప్పగా చెప్పుకునేవారు. నేను అదే మాట వస్తాదుతో అంటే ఆయన నన్ను ఎగాదిగా చూసి, "గాలి దూరితే మట్టి ఎండిపోతాదని కట్టినారప్పా" అన్నాడు. ఆయన మీద నాకు గౌరవం మొదలైంది అక్కడే. వయసెంతో ఎవరికీ తెలియదు. చెవులు రెండూ కుస్తీల్లో నలిగి నలిగి వేయించిన వడియాల్లా ముడుచుకుపోయి ఉండేవి. మాట తక్కువ. నోటితో నేర్పితే నోటికే వస్తుంది, ఒంటికి రాదు అనేది ఆయన సిద్ధాంతం. అందుకని మొదట చాలాకాలం నా చేత ఎర్రమట్టి తవ్వించి, అందులో మజ్జిగా పసుపూ నూనే పోసి కలిపించాడు. (ఇంకొంచెం పట్టుదలగా కలిపి ఉంటే తిరగమోత కూడా పెట్టేవాణ్ణి.) హోదా అంతా ఆ మట్టిలో చోటును బట్టి. పాతవాళ్ళు వస్తాదు కూర్చునే గోడ దగ్గర, కొత్తవాళ్ళు గుమ్మం దగ్గర. నేను గుమ్మానికి ఎంత దగ్గరగా ఉండేవాణ్ణంటే వానొస్తే ముందు నాకే తెలిసేది.

ఇలా కొన్ని నెలలు నిక్షేపంగా గడిచాయి. మణికట్టు పెరగలేదు గానీ, పోయి వస్తున్నానన్న పేరు పెరిగింది. అంగడిలో కూర్చుని నేను గరిడీ కబుర్లు చెబుతూంటే, నేను తవ్విన మట్టిని నేనే ఓడించినట్టు వినిపించేది. అంతలో వచ్చింది ఆ మధ్యాహ్నం. మామ అంగడి మూసి భోజనానికి పోతే నేను గరిడీకి పోయి చల్లగా ఆ మట్టి మీద నడుం వాల్చాను. గుమ్మంలోంచి ఇద్దరు మనుషులు వంగి లోపలికొచ్చారు. శుభ్రంగా తలపాగాలు చుట్టుకుని ఉన్నారు. ఒకతని చేతిలో ఇత్తడి తట్ట, దాంట్లో తమలపాకులు, వక్కలు, సున్నం, నిమ్మపండు, పూలు. కన్నడంలో, చాలా మర్యాదగా, వీళ్యం తీసుకోండి అన్నారు. మా ఇంట్లో చిన్నప్పటినుంచీ ఒకటే పాఠం: ఎవరు తాంబూలం తెచ్చినా వద్దనకూడదు, లేచి నిలబడి రెండు చేతులతో తీసుకోవాలి. గాజులవాళ్ళకి ఏ ఇంట పెళ్ళయినా, సీమంతమైనా పిలుపు వస్తుంది గదా. నేను లేచి, వీపుకంటిన మట్టి దులుపుకుని, రెండు చేతులతో ఆకులందుకుని కళ్ళకద్దుకున్నాను. ముహూర్తం ఎప్పుడన్నాను. ఉగాది వెళ్ళిన ఆదివారం, పొద్దు వాలే వేళ అన్నారు. సాయంత్రం ముహూర్తమేమిటా అనిపించింది గానీ, ఎవరి ఆచారం వాళ్ళది. భోజనాలున్నాయా అని అడిగాను. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "హొట్టె తుంబా కొడ్తీవి" అన్నాడు తట్ట పట్టుకున్నతను. కడుపు నిండా పెడతామని. ఎంత మంచి సంబంధమో అనుకుని, వాళ్ళ ఎదుటే ఆకుకి సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి నోట్లో వేసుకున్నాను. వాళ్ళు నన్ను కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చూసి, తట్ట గోడవారన పెట్టి, దండం పెట్టి వెళ్ళిపోయారు.

సాయంత్రం వస్తాదు వచ్చి గోడవారన తట్ట చూశాడు. ఆయన వెనకే పాలన్న. (పాలు పోసే ఆయన గనక పాలన్న; గరిడీలో అందరికంటే పాత శిష్యుడు, భుజాలు తలుపుకి అడ్డంగా పట్టేవి కావు.) వీళ్యం ఎవరు తీసుకున్నారని వస్తాదు అడిగాడు. నేనే అన్నాను, మంచిపని చేసినవాడి గొంతుతో. ఆకులేవి అన్నాడు. తిన్నాను అన్నాను. అప్పుడు పాలన్న మెల్లిగా విడమర్చి చెప్పాడు. అది పెళ్ళిపిలుపు కాదు. కోట పక్క గరిడీవాళ్ళు మా గరిడీని కుస్తీకి పిలిచారు. ఆ ఆకు ఎవరి చెయ్యి అందుకుంటే ఆ మనిషే దిగాలి. అందుకే వస్తాదు ఎప్పుడూ తట్టని అలాగే ఉంచి, ఒక పూట ఆలోచించి, ఎవరు తీసుకోవాలో చెబుతాడు. దిగేవాడు దిగకపోతే ఆ గరిడీకి మళ్ళీ ఎవరూ వీళ్యం పంపరు. వస్తాదు పదిమందిలో నిలబడి నా మనిషి రాలేదని చెప్పుకోవాలి. అవతల దిగేది ఎవరో కూడా పాలన్నకి తెలుసు. వాణ్ణి అందరూ గుండుకల్లు అంటారు. కన్నడంలో గుండ్రాయి అన్నమాట. పేరు పెట్టినవాడు పొగడాలని పెట్టలేదు, చూసి పెట్టాడు.

నా బదులు తను పోతానని పాలన్న అన్నాడు. వస్తాదు తల ఊపలేదు. "ఆకు వాని కడుపులో ఉండాది. నువ్వెట్ల పోతావు" అన్నాడు. ఊరు వదిలి పారిపోవడం గురించి నేను మనస్ఫూర్తిగా ఆలోచించాను. కోలారులో ఒక పెద్దమ్మ ఉండేది. కానీ వస్తాదు నా ముందుకొచ్చి గొంతుక్కూర్చుని, నా పక్కటెముకల్ని బట్టల అంగడిలో గుడ్డ నాణ్యం చూసినట్టు వేళ్ళతో తడిమి చూశాడు. "గెలిచేది నేర్పాలంటే ఏండ్లు కావాలప్పా. నీకుండేది వారాలు. ఓడకుండా ఉండేది నేర్పిస్తా. ఈపు నేలకి తగిలితేనే చిత్తు. కడుపు తగిలితే అది ఒట్టి పడుకునేది. బోర్లా పడుకో, ఎవురు ఏం చేసినా తిరగద్దు."

అలా మొదలైంది నా శిక్షణ. ప్రపంచంలో కుస్తీ నేర్చుకునేవాళ్ళంతా నిలబడి నేర్చుకుంటే, నేను పడుకుని నేర్చుకున్నాను. కాళ్ళు ఎంత వెడల్పు పెట్టాలి, మోచేతులు పక్కటెముకలకి ఎలా అదిమి ఉంచాలి, గడ్డం కింద చెయ్యి దూరకుండా మెడ ఎలా కుదించుకోవాలి, తిప్పబోతే ఏ వైపు బరువు వేయాలి. పాలన్నా మిగతావాళ్ళూ వంతులవారీగా నన్ను వెల్లకిలా తిప్పాలని చూసేవారు, మొదట్లో దోశ తిప్పినంత సులువుగా తిప్పేసేవారు కూడా. తర్వాత్తర్వాత అంటుకోవడం మొదలైంది. ఎవరూ లేనప్పుడు వస్తాదు స్వయంగా నా వీపు మీద కూర్చునేవాడు. బరువు అలవాటు కావాలని. అప్పుడు మాత్రం, ఎందుకో, మాట తక్కువ మనిషి మాట్లాడేవాడు. ఆయన అభిప్రాయాలన్నీ నేను అలా ఆయన కిందనుంచే విన్నాను. ఈ కాలంవాళ్ళు పొద్దున చేరి సాయంత్రానికి పైల్వాన్ అని పేరు రాయించుకుంటున్నారనేవాడు. "పైల్వాన్ అనేది ఎదుటి గరిడీవోడు అనాల. మనోళ్ళు అంటే అది ముద్దు చేసేది" అనేవాడు. తన గురువు తనకి మూడు పట్లే నేర్పాడనీ, అవి ఇప్పటికీ పూర్తిగా రాలేదనీ అనేవాడు. ఒకసారి, "వాళ్ళమ్మ ఎట్ల పంపించిందో అట్ల తిరిగి పంపించాలప్పా శిష్యుణ్ణి. ఆ తర్వాతే గెలుపూ గిలుపూ" అన్నాడు. ఎప్పుడో ఆయన శిష్యుడొకడికి కుస్తీలో నడుం విరిగి మళ్ళీ లేవలేదని తర్వాత పాలన్న చెప్పాడు. ఆ మాట నాకు పనికొచ్చే సమయంలో చెప్పలేదని అతని మీద నాకు కోపం వచ్చింది.

ఆదివారం రానే వచ్చింది. మైదానంలో మట్టి పోసి, చుట్టూ తాడు కట్టి, డోలు వాయిస్తున్నారు. మామ అంగడి మూసేసి, బళేపేటలో సగం గాజుల వ్యాపారాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. (మేనల్లుడి మీద నమ్మకంతో వచ్చాడని అప్పట్లో అనుకున్నాను. ఇంటికి మోసుకుపోవడానికి మనుషులు కావాలని తెచ్చానని తర్వాత ఆయనే చెప్పాడు.) యుద్ధం రోజులు గనుక దీపాలు పెట్టే వీలు లేదు, వెలుతురు పోగానే ఆట ఆపాలి. మాది చివరి జోడీ. నేను లంగోటీతో బరిలోకి దిగగానే జనం నా వెనక పైల్వాన్ వస్తాడేమోనని చూశారు. గుండుకల్లు దిగాడు. సాయంత్రం కాస్త ముందే అయినట్టనిపించింది. చెయ్యి కలిపాం. నా చెయ్యి అతని చేతిలో ఎక్కడుందో నాకే కనపడలేదు. డోలు మోగింది. అతను ముందుకు ఒక అడుగు వేశాడు, అంతే, నేను బోర్లా పడుకున్నాను.

జనం నవ్వారు. గుండుకల్లు కూడా ఇంత తొందరగా పడ్డానేమిటా అన్నట్టు కాసేపు చూసి, నన్ను తిప్పడానికి వంగాడు. తిరగలేదు. కాలు పట్టి లాగాడు. మట్టితో సహా కాస్త ముందుకు జరిగాను గానీ తిరగలేదు. మీద పడ్డాడు. ఊపిరి పోయింది, ఒకటి వచ్చింది, మళ్ళీ పోయింది. పక్కటెముకలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు వినిపించింది. ఒక చెయ్యి గడ్డం కిందికి దూరడానికి వస్తోంది, నా మెడ కొంచెం కొంచెంగా వదులవుతోంది, ఎడమ భుజం మట్టినుంచి లేచింది. ఇంక అయిపోయిందనుకున్నాను. అప్పుడు నా చెవి దగ్గర అతను రొప్పుతూ, విసుగ్గా, "ఏళో మారాయా, ఊటక్కె హోగ్బేకు" అన్నాడు. లేవయ్యా మహానుభావా, నేను భోజనానికి పోవాలి అని. ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలియని నా నోటికి అంతకంటే మంచి సమయం దొరకలేదు. మట్టిలోంచే కన్నడంలో చెప్పాను: మీరు నిదానంగా పోయి తినేసి రండి, నేను ఇక్కడే ఉంటాను.

మీద ఉన్న బరువు ఒక్కసారి కదిలింది. వణుకుతోందనుకున్నాను. నవ్వుతున్నాడు. అంత పెద్ద మనిషి నవ్వితే ఒళ్ళంతా నవ్వుతుందని, చేతుల్లో పట్టు అంతా నవ్వులోకి పోతుందని నాకు అప్పుడే తెలిసింది. మెడ మీద చెయ్యి జారింది, భుజం మళ్ళీ నేలకి చేరింది, నేను మళ్ళీ అంటుకుపోయాను. అతను కోపం తెచ్చుకుని రెండోసారి పట్టబోయాడు, ఇక్కడే ఉంటాను అన్న మాట గుర్తొచ్చినట్టుంది, మళ్ళీ నవ్వాడు. ఇంతలో వెలుతురు పోయింది, డోలు ఆగింది. పంచాయతీ పెద్ద వచ్చి మా ఇద్దరి చేతులూ ఎత్తి, సమం అన్నాడు. నన్ను చెయ్యి పట్టి లేపింది గుండుకల్లే. నాకై నేను లేచే ఉద్దేశం లేదు.

వస్తాదు బరి పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. నేను ఎదుట కూర్చోగానే, చీకట్లోనే, నా పక్కటెముకలు ఒక్కొక్కటే తడిమాడు. చివరిదాకా తడిమి, "అన్నీ ఉండాయి" అని గట్టిగా ఊపిరి వదిలాడు. అప్పుడు పాలన్నని పిలిచి అన్నం పెట్టించమన్నాడు. ముందు రోజునుంచీ ఆయన ఏమీ తినలేదట. నేను మాత్రం పొద్దున ఇడ్లీలు శుభ్రంగా తిని వచ్చాను. ఆ మాట ఆయనకి చెప్పలేదు. తింటూ తింటూ ఇప్పుడు నన్ను పైల్వాన్ అనవచ్చా అని అడిగాను. "గుండుకల్లు అన్నాడా?" అన్నాడు. లేదన్నాను. "అయితే లేదు" అన్నాడు. ఇంకో ముద్ద తిని, "ఇంక నువ్వు కుస్తీకి దిగద్దప్పా. కొత్తోళ్ళు వస్తే మొదట నీ దగ్గరికే పంపిస్తా. బోర్లా పడుకునేది నేర్పు. నీకంటే బాగా నేర్పేవోళ్ళు ఈ పేటలో లేరు" అన్నాడు. అలా ఒక్క కుస్తీ కూడా గెలవకుండానే నాకు గుమ్మం దగ్గరినుంచి గోడ దగ్గరికి చోటు మారింది. అంగడి పని ఎక్కువై గరిడీ మానేసేదాకా, ఏళ్ళ తరబడి, వచ్చిన ప్రతి కుర్రాణ్ణీ నేను మట్టిలో పడుకోబెట్టాను.

ఆ తర్వాత చాలా కాలానికి, వస్తాదు పోయి కూడా ఏళ్ళు దాటాక, నేనూ మా ఆవిడా బళేపేటలో నడిచి పోతూండగా, ఎదురుగా కొండలాంటి మనిషి వచ్చి రోడ్డు మధ్యలో ఆగాడు. "నమస్కారం వస్తాదూ" అని వంగి నా కాళ్ళకి దండం పెట్టాడు. దసరా కుస్తీల్లో పేరు మోగుతున్న పైల్వాన్. ఒకప్పుడు నేను నెలరోజులు వీపు మీద కూర్చున్న కుర్రాడు. ఆశీర్వదించడానికి చెయ్యి ఎత్తాను. అతను అప్పటికే లేచాడు, తల అందుకోవడానికి నేను మునివేళ్ళ మీద నిలబడవలసి వచ్చింది. అతను పోయాక మా ఆవిడ నన్ను కొత్తగా చూసింది.

"అంత మనిషికి మీరేం నేర్పించినారు?"

"బోర్లా పడుకునేది."

"ఓహో. అదైతే నమ్ముతా."

నన్ను వస్తాదూ అని పిలిచే గొంతు ఊళ్ళో ఒకటైనా ఉందంటే, ఆ పూటకి అది చాలు. ఇల్లు చేరేదాకా ఛాతీ కొంచెం విరుచుకునే నడిచాను. ఆవిడ చూసింది. పోనీలే అని ఊరుకుంది.